జాబితా హద్దు ఎవరు గీస్తారు: బెడ్‌ఫోర్డ్ కౌంటీ యుద్ధ స్మారకాలపై ఒక కేస్ స్టడీ

అమరవీరుల స్తూపం కట్టాలనుకున్న కమిటీ ఏదైనా మొదట మాట్లాడేది రాయి గురించి, ఎత్తు గురించి, స్థలం గురించి, ఆవిష్కరణకు ఎవరిని పిలవాలన్నదాని గురించి. పేర్ల జాబితా ఏ మాజీ సైనికుల సంఘం దగ్గరో దొరక్కపోదన్న ధీమాతో చివరికి మిగిలిపోతుంది. స్మారకాలపై చెక్కే పేర్లను రికార్డులతో సరిచూసే పనిలో ఉన్నవాణ్ణి గనుక ఈ వరస నాకు తలకిందులుగా తోస్తుంది. ఎవరిని చేర్చాలి, ఏ హద్దు దాటినవారిని వదిలేయాలి అన్న నియమం ముందుగా రాసుకోని స్మారకం ఆ తర్వాత ఎంత అందంగా కట్టినా ఎవరో ఒకరి ఇంటి ముందు దోషిగా నిలబడాల్సి వస్తుంది. ఈ మాట తేల్చి చెప్పడానికి అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, బ్లూ రిడ్జ్ కొండల పక్కనున్న బెడ్‌ఫోర్డ్ కౌంటీ (మన జిల్లా లాంటి పాలనా విభాగం) కన్నా మంచి ఉదాహరణ నాకు తెలియదు. అక్కడ ఒకే రోజున చనిపోయిన సైనికుల కోసం, అర్ధ శతాబ్దం తేడాతో, పూర్తిగా వేర్వేరు నియమాలతో రెండు స్మారకాలు వెలిశాయి.

పూర్వాపరాలు క్లుప్తంగా ఇవి. బెడ్‌ఫోర్డ్ వ్యవసాయ ప్రాంతం. 1930ల ఆర్థిక మాంద్యంలో అక్కడి కుర్రాళ్లు చాలామంది నేషనల్ గార్డ్ అనే పార్ట్‌టైమ్ రక్షక దళంలో చేరడానికి దేశభక్తి ఎంత కారణమో, కవాతుకు ఇంతని చేతికొచ్చే డాలరు కూడా అంతే కారణం. వారి దళం 29వ డివిజన్‌కు చెందిన 116వ పదాతి రెజిమెంటులో ఎ కంపెనీ. 1941 ఫిబ్రవరి 3న ప్రభుత్వం దాన్ని సైన్యంలోకి తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల దండయాత్ర మొదలైన 1944 జూన్ 6న (దీన్నే డి-డే అంటారు), ఫ్రాన్స్‌లోని నార్మండీలో, ఒమాహా తీరంలో వియెర్విల్ గ్రామం ఎదుట మొదటి వరసలో దిగిన కంపెనీల్లో అదొకటి. ఆనాటికి దానిలో బెడ్‌ఫోర్డ్‌వారు సుమారు ముప్పై మంది మిగిలి ఉన్నారు. కంపెనీ కమాండర్ కెప్టెన్ టేలర్ ఫెలర్స్ కూడా ఆ కౌంటీవాడే. ఆ రోజు ముగిసేసరికి ఎ కంపెనీలోని బెడ్‌ఫోర్డ్ వాసుల్లో 19 మంది చనిపోయారు. కబురు ఇంటికి చేరడానికి ఆరు వారాలు పట్టింది. జులై 17 ఉదయం గ్రీన్స్ మందుల షాపులోని వెస్టర్న్ యూనియన్ యంత్రం ముందు కూర్చున్న ఆపరేటర్ ఎలిజబెత్ టీస్‌కు వరసగా మరణవార్తల టెలిగ్రాములు వస్తూనే ఉన్నాయి.

అప్పటి బెడ్‌ఫోర్డ్ పట్టణ జనాభా సుమారు 3,200. జనాభాతో పోల్చిచూస్తే డి-డే నాడు అమెరికాలో ఏ ఊరికీ ఇంత నష్టం జరగలేదన్న మాట ఈ లెక్క నుంచే పుట్టింది. అమెరికా పార్లమెంటు 1996లో జాతీయ డి-డే స్మారకాన్ని ఈ ఊళ్లో పెట్టడానికి అంగీకరించిందీ దీని ఆధారంగానే. మా పనిలో ఇలాంటి వాక్యం కనిపిస్తే ముందుగా లవాన్నీ హారాన్నీ విడదీసి చూస్తాం. హారం పట్టణ జనాభా. లవంలో ఉన్నవారు మాత్రం అందరూ పట్టణంవారు కారు. ఫెలర్స్‌ది గూడ్ అనే పల్లె. అన్నదమ్ములు బెడ్‌ఫోర్డ్ హోబాక్, రేమండ్ హోబాక్‌లది వ్యవసాయ కుటుంబం. కౌంటీ మొత్తాన్ని హారంగా తీసుకుంటే నిష్పత్తి చాలా తగ్గిపోతుంది. ఇందువల్ల ఆ కుటుంబాల దుఃఖం రవ్వంత కూడా తగ్గదు. కానీ 'మా ఊరివారు' అన్న మాటకు హద్దు ఎక్కడన్న ప్రశ్న జాబితా మొదటి అడుగులోనే ఎదురవుతుందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఆ హద్దు కాగితం మీద కూడా నిలకడగా లేదు. 1944లో బెడ్‌ఫోర్డ్ కౌంటీలో భాగమైన పట్టణం. 1968లో అది వర్జీనియా చట్టం ప్రకారం స్వతంత్ర నగరమై, చుట్టూ కౌంటీయే ఉన్నా పాలనపరంగా కౌంటీలో భాగం కాకుండా పోయింది. 2013 జులై 1న మళ్లీ పట్టణ హోదాకు దిగి కౌంటీలో కలిసింది. అంటే 2001లో జాతీయ స్మారకం ఆవిష్కరించిన నాటికి, చట్టం దృష్టిలో, బెడ్‌ఫోర్డ్ నగరపు అమరులు వేరు, బెడ్‌ఫోర్డ్ కౌంటీ అమరులు వేరు. జాబితా నియమంలో 'నివాసం' అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారికి నేను మొదట చూపేది ఈ సంగతే. ఏ తేదీ నాటి సరిహద్దుల ప్రకారం, పుట్టిన ఊరా, సైన్యంలో చేరినప్పటి చిరునామానా, దగ్గరి బంధువు ఉన్న ఊరా అన్నది రాయకపోతే ఆ నియమం ఉన్నా లేనట్టే.

ఇక స్మారకాల విషయం. మొదటిది 1954లో, ఆ దండయాత్రకు పదేళ్లు నిండిన సందర్భంగా, కోర్టు ముందరి పచ్చికలో పెట్టిన రాయి. దాన్ని నార్మండీ నుంచి తెప్పించారు. పెద్ద కట్టడమేమీ కాదు. కోర్టు పని మీద వచ్చినవారు, పన్ను కట్టడానికి వచ్చిన రైతులు దాని పక్కనుంచే నడిచిపోతారు. దాని నియమం సైనిక దళం: ఎ కంపెనీలో ఉండి, అక్కడ చనిపోయిన మనవారు. నాకు ఈ నియమం మీద గౌరవం ఉంది. ఎందుకంటే అది తాను ఎవరి గురించి మాట్లాడుతున్నదో స్పష్టంగా చెబుతుంది, ఊరి యుద్ధ మృతులందరి తరఫునా మాట్లాడుతున్నట్టు నటించదు. కంపెనీ రిజిస్టరు ఉంటే ఎవరైనా జాబితాను సరిచూడగలరు కూడా.

దళాన్ని హద్దుగా పెట్టుకుంటే దాని పరిమితి కూడా వెంటే వస్తుంది. బెడ్‌ఫోర్డ్ నుంచి వెళ్లినవారు ఇతర కంపెనీల్లోనూ ఉన్నారు. వారిలో ఆ రోజు చనిపోయినవారిని కలిపితే 19 అన్న లెక్క 20 అవుతుంది. నార్మండీ పోరు సాగిన తర్వాతి వారాల్లో మరణించినవారిని కలిపితే ఇంకా పెరుగుతుంది. పత్రికల్లో ఒకచోట 19, మరోచోట 20, ఇంకోచోట 22 అని కనిపించడం చూసి ఎవరో ఒకరు తప్పు రాశారని పాఠకులు అనుకుంటారు. నిజానికి అందరూ తమ తమ నియమం ప్రకారం సరిగానే లెక్కపెట్టి ఉండవచ్చు, ఆ నియమం ఏమిటో చెప్పకపోవడమే లోపం.

ఇంతకన్నా లోతైన పరిమితి మరొకటుంది. ఆనాటి వర్జీనియా నేషనల్ గార్డ్‌లో నల్లజాతి పౌరులకు చోటు లేదు. సైన్యమే జాతుల వారీగా విడిపోయి ఉండేది. కాబట్టి ఎ కంపెనీ జాబితాను కౌంటీ త్యాగానికి ప్రతిరూపంగా తీసుకున్న క్షణాన, కౌంటీలోని నల్లజాతి కుటుంబాలు, ఎవరూ కావాలని తీసేయకుండానే, జాబితా బయట పడిపోతాయి. ఆ వివక్ష పాతదే అయినా, కొత్త స్మారకం దళాన్ని హద్దుగా ఎంచుకుంటే దాన్ని మరోసారి రాతిలో చెక్కినట్టే. ఆ రోజు ఒమాహా, యూటా తీరాల్లో దిగిన, శత్రు విమానాలను అడ్డుకునే బెలూన్లు ఎగరేసే 320వ బ్యారేజ్ బెలూన్ బెటాలియన్ నల్లజాతి సైనికులది. వారి గుర్తింపు కోసం జరిగిన ప్రయత్నాలు దశాబ్దాలు సాగి, ఆ దళంలోని వైద్య సహాయకుడు వేవర్లీ వుడ్‌సన్‌కు మరణానంతరం పతకం ప్రకటించేసరికి 2024 వచ్చింది. ఏ దళంలో ఉన్నా, ఏ పనిలో ఉన్నా, కౌంటీ నుంచి వెళ్లి తిరిగిరానివారంతా అన్న నియమం పెట్టుకుంటే శ్రమ పదింతలవుతుంది, కానీ 'కౌంటీ స్మారకం' అన్న పేరుకు న్యాయం చేసేది అదొక్కటే అని నా అభిప్రాయం.

రెండవ స్మారకం కథ పూర్తిగా వేరు. రోనోక్ నగరానికి చెందిన బాబ్ స్లాటర్ అదే 116వ రెజిమెంటులో డి కంపెనీ సార్జెంటుగా ఆ తీరంలో దిగి బతికి వచ్చినవాడు. 1980ల చివర్లో ఆయన, మరికొందరు కలిసి తమ ఊళ్లో ఏదైనా చిన్న గుర్తు పెట్టాలనుకున్నారు. ఆ ఆలోచన పెరిగి పెరిగి బెడ్‌ఫోర్డ్ అంచున కొండ మీద దాదాపు 2.5 కోట్ల డాలర్ల నిర్మాణమైంది. 2001 జూన్ 6న అధ్యక్షుడు జార్జ్ డబ్ల్యు. బుష్ దాన్ని ఆవిష్కరించాడు. అక్కడ నిలిపిన తోరణం ఎత్తు సరిగ్గా 44 అడుగుల 6 అంగుళాలు. 1944లో ఆరవ నెల, ఆరవ తేదీ అన్న సూచన అందులో ఉంది. తోరణం పైభాగంలోని నలుపు తెలుపు పట్టీలు ఆనాడు మిత్రరాజ్యాల విమానాల రెక్కల మీద గుర్తు కోసం వేసినవి. తీరపు దృశ్యాన్ని చూపే కొలనులో నీటి అడుగు నుంచి గాలి చిమ్మి, తూటాలు పడుతున్నట్టు నీళ్లు ఎగసేలా చేశారు. ఇంత నాటకీయత నాకు నచ్చదు. అయినా బడిపిల్లలు ఆ కొలను దగ్గరే ఎక్కువసేపు ఆగుతారన్నది కాదనలేను.

డబ్బు సంగతి ఒక్కమాటలో చెప్పి ముందుకు వెళ్తాను. పేరులో 'జాతీయ' అని ఉన్నా దీన్ని నడిపేది ప్రభుత్వం కాదు, లాభాపేక్ష లేని ఒక ఫౌండేషన్. విరాళాలు పూర్తిగా చేతికి రాకముందే నిర్మాణం పూర్తిచేయడంతో అప్పులు మీదపడి 2002లో అది దివాలా చట్టం కింద రక్షణ కోరాల్సి వచ్చింది. తర్వాత కోలుకుంది.

నా దృష్టిలో ఈ స్మారకం చేసిన అసలు పని తోరణం కాదు, పేర్ల గోడ. నిర్మాణం మొదలైనప్పుడు, జూన్ 6న మిత్రపక్షాలవారు మొత్తం ఎంతమంది చనిపోయారన్నదానికి పుస్తకాల్లో ఉన్నవి అంచనాలే. చాలా చోట్ల 2,500 దగ్గర ఆగేవి. ఒక్కొక్క పేరునూ రుజువుతో పట్టుకుని జాబితా కట్టిన ప్రయత్నం అంతవరకూ లేదు. ఫౌండేషన్ పరిశోధన విభాగానికి బాధ్యురాలైన కేరల్ టక్‌విలర్ అనే లైబ్రేరియన్ 2000లో ఆ పని మొదలుపెట్టి ఏళ్ల తరబడి చేసింది. చివరికి తేలిన సంఖ్య 4,400 పైచిలుకు. అందులో అమెరికన్లు సుమారు 2,500 మంది, బ్రిటన్, కెనడా తదితర దేశాలవారు సుమారు 1,900 మంది. అంటే అంతకుముందు మొత్తమని చెప్పుకున్నది ఒక్క అమెరికా వాటాకు సరిపోయింది.

ఆమె ఎంచుకున్న హద్దు కాలం: ఆ దండయాత్రలో పాల్గొంటూ జూన్ 6వ తేదీ ఇరవైనాలుగు గంటల్లో మరణించినవారు, ఏ దేశంవారైనా. వినడానికి ఎంత స్పష్టంగా ఉంటుందో, రికార్డుల దగ్గరికి వెళ్లేసరికి అంత చిక్కుపడుతుంది. శవం దొరకని సైనికుణ్ణి మొదట 'ఆచూకీ లేదు' అని రాసేవారు. ఏడాది గడిచాక, అప్పటికీ జాడ తెలియకపోతే, అమెరికా చట్టం ప్రకారం మరణించినట్టు ప్రకటించేవారు. ఆ ప్రకటన తేదీ ఏడాది మీద ఒక రోజు, అంటే 1945 జూన్ 7. కాబట్టి మరణ తేదీ గడిలో '1944 జూన్ 6' అని వెతికినవారికి సముద్రంలో మునిగిపోయినవారు, గుండు పడి ఆనవాలు లేకుండా పోయినవారు అసలు కనిపించరు. స్మారకం ఎవరి కోసం అత్యవసరంగా కావాలో, సమాధి కూడా లేని వారి పేర్లే తేదీ గడి వల్ల ముందుగా జారిపోతాయి. దీనికి విరుగుడు కంపెనీ గుమస్తా ప్రతి ఉదయం రాసే హాజరు నివేదికలు. ఎవరు ఏ రోజు నుంచి లెక్కలో లేరో అందులో తెలుస్తుంది.

రికార్డుల గురించి మరో సంగతి, ముఖ్యంగా అమెరికా సైనికుల వివరాలు వెతికే మనవారి కోసం. 1973 జులైలో సెయింట్ లూయిస్‌లోని సైనిక సిబ్బంది రికార్డుల భవనంలో చెలరేగిన మంటల్లో 1912 నుంచి 1959 వరకూ సైన్యం నుంచి విడుదలైనవారి ఫైళ్లలో సుమారు 80 శాతం కాలిపోయాయి. అది విని చాలామంది ఆశ వదులుకుంటారు. యుద్ధంలో చనిపోయినవారికి అంత్యక్రియలకు సంబంధించి విడిగా ఒక ఫైలు ఉండేది. అది వేరే చోట ఉండటంతో దక్కింది. శవాన్ని ఎలా గుర్తించారు, జేబులో ఏం దొరికింది, కుటుంబం సమాధి ఎక్కడ కావాలంది అన్నదంతా అందులోనే ఉంటుంది. చనిపోయినవారి జాబితా కట్టేవారికి కాలిపోయిన ఫైలు కన్నా ఇదే ఎక్కువ పనికొస్తుంది.

హోబాక్ సోదరుల విషయంలో ఈ నియమాలన్నీ ఒక్క ఇంట్లోనే పరీక్షకు నిలబడతాయి. ఇద్దరూ ఎ కంపెనీయే, ఇద్దరూ అదే ఉదయం పోయారు. తల్లిదండ్రులకు వచ్చిన టెలిగ్రాములు మాత్రం వేర్వేరు. ఒకటి అన్న బెడ్‌ఫోర్డ్ చనిపోయాడని, మరొకటి తమ్ముడు రేమండ్ ఆచూకీ లేదని. కొద్ది రోజులకే ఒక పొట్లం వచ్చింది. దండయాత్ర మర్నాడు తీరం వెంట నడుస్తున్న వెస్ట్ వర్జీనియా సైనికుడొకడికి ఇసుకలో ఒక బైబిలు దొరికింది. లోపలి అట్ట మీద రేమండ్ పేరు, అమ్మ ఇచ్చినది, 1938 క్రిస్మస్ అని రాసి ఉంది. చిరునామా చూసి అతను ఉత్తరం జతచేసి పంపాడు. మీ అబ్బాయి క్షేమంగా ఉన్నాడన్న ఉత్తరం మీకు ఈపాటికి అందే ఉంటుందని ఆశిస్తున్నానని అందులో రాశాడు. రేమండ్ శవం ఎన్నడూ దొరకలేదు. యుద్ధానంతరం, 1947 నుంచి, ప్రభుత్వం కుటుంబాలకు ఎంచుకునే అవకాశం ఇచ్చింది, శవాన్ని స్వదేశం తెప్పించుకోవచ్చు లేదా అక్కడి అమెరికన్ శ్మశానంలో ఉంచవచ్చు. తమ్ముడు ఆ నేలలోనే ఎక్కడో ఉన్నాడు గనుక అన్నను కూడా అక్కడే ఉంచాలని హోబాక్ కుటుంబం నిర్ణయించుకుంది. కొల్‌విల్ శ్మశానంలో అన్నకు సమాధి ఉంది, తమ్ముడి పేరు ఆచూకీ లేనివారి గోడ మీద ఉంది. వారి చెల్లెలు లూసిల్ హోబాక్ బాగెస్ తర్వాతి కాలంలో బెడ్‌ఫోర్డ్ కౌంటీ పాలకమండలికి ఎన్నికైన తొలి మహిళ. జాతీయ స్మారకం కోసం గట్టిగా నిలబడినవారిలో ఆమె కూడా ఉన్నారు.

జాతీయ స్మారకం తన హద్దును ఒకసారి తానే దాటి చేయి కాల్చుకుంది. మిత్రపక్ష నాయకుల విగ్రహాలతోపాటు 2010లో స్టాలిన్ విగ్రహం కూడా పెట్టారు. యుద్ధ చరిత్రలో అతని పాత్రను కాదనలేం కదా అన్నది వారి వాదన. చరిత్ర చెప్పే చోటు వేరు, చనిపోయినవారిని తలచుకునే చోటు వేరన్నది ఎదుటివారి వాదన. నిరసనలు చెలరేగి, ఆ ఏడాదే దాన్ని తీసేశారు. నార్మండీ తీరంలో సోవియట్ సైన్యం లేనే లేదు కాబట్టి స్మారకం సొంత నియమం ప్రకారం చూసినా అది అక్కడికి రావాల్సినది కాదు.

అదే ఆవరణలో ఉన్న మరో విగ్రహం మాత్రం నాకు ఎంతో సరైనదిగా అనిపిస్తుంది. నార్మండీలోని ట్రెవియేర్ అనే చిన్న ఊరు మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన తన సైనికుల కోసం శిరస్త్రాణం ధరించిన స్త్రీమూర్తిని కంచుతో పోతపోయించి నిలబెట్టుకుంది. 1944 జూన్‌లో ఒక ఫిరంగి గుండు ఆ విగ్రహం ముఖానికి తగిలింది. దవడ, మెడలో కొంత భాగం ఎగిరిపోయి, మిగిలిన కంచు అంచులు చిరిగిన గుడ్డలా బయటికి తెరుచుకున్నాయి. ఊరివాళ్లు దాన్ని బాగుచేయించకుండా అలాగే ఉంచుకున్నారు. ఆ దెబ్బతో సహా అచ్చుతీసిన ప్రతి బెడ్‌ఫోర్డ్‌లో ఉంది. ముందునుంచి నుదురు, కళ్లు చూసి దైవప్రతిమ అనుకునేవారు, ఒక అడుగు పక్కకు వేస్తే తల లోపలి బోలు కనిపించి ఆగిపోతారు. ఏ పలకా లేకుండానే ఒక పల్లెటూరి స్మారకం తన చరిత్రను తానే చెప్పుకుంటోంది.

ఈ కేసును మన పల్లెలకు అన్వయించాలంటే మొదట గుర్తొచ్చేది పశ్చిమ గోదావరి జిల్లాలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరం. తరతరాలుగా ఇంటికొకరు చొప్పున సైన్యంలోకి వెళ్లినందువల్ల దాన్ని మిలిటరీ మాధవరం అనే పిలుస్తారు. అలాంటి ఊరి మొదటి ప్రపంచ యుద్ధపు జాబితా కట్టడానికి కూర్చున్నవారు 'పశ్చిమ గోదావరి' అని వెతికితే ఏమీ దొరకదు. ఆ జిల్లా 1925లో పుట్టింది. అంతకుముందు రెండు దశాబ్దాలు ఆ ప్రాంతం కృష్ణా జిల్లాలో ఉండేది, ఆనాటి ఇంగ్లీషు రికార్డుల్లో ఆ పేరు కూడా 'కిస్ట్నా' అని ఉంటుంది. బెడ్‌ఫోర్డ్ పట్టణం కౌంటీలోంచి బయటికి వెళ్లి తిరిగి వచ్చినట్టే మన ఊళ్లు కూడా జిల్లాలు మారుతూ వచ్చాయి, ఆంధ్రలో 2022లోనూ తెలంగాణలో 2016లోనూ మరోసారి మారాయి. దీనికి తోడు ఇంటిపేర్లు. అప్పటి సైనిక గుమస్తాలు ఒకే మనిషిని ఒకచోట ఇంటిపేరుతో, మరోచోట ఉత్త పేరుతో, ఇంకోచోట తండ్రి పేరు జతచేసి రాశారు. బ్రిటిష్ సామ్రాజ్యపు యుద్ధ మృతుల లెక్క చూసే కామన్వెల్త్ యుద్ధ సమాధుల కమిషన్ జాబితాలో తండ్రి పేరు, ఊరు, తాలూకా ఉన్న నమోదులు దొరికితే అదృష్టమే, కానీ ఆ ఊరి పేరును ఇంగ్లీషు అక్షరాల నుంచి మళ్లీ తెలుగులోకి ఊహించి తెచ్చుకోవాలి.

అందుకే నేను సలహా ఇచ్చే కమిటీలను రాయి కొనక ముందు ఒక రిజిస్టరు కొనమంటాను. ఒక్కో మనిషికి ఒక్కో పేజీ, ఇంట్లో పిలిచే పేరు, రికార్డుల్లో కనిపించిన ప్రతి రూపం, ఏ కాగితంలో కనిపించిందో, చేరిన నాటి ఊరు, తాలూకా, జిల్లా, దళం, మరణ తేదీ, అది చనిపోయిన తేదీయా లేక ప్రకటించిన తేదీయా. మొదటి పేజీలో చేర్చే నియమం, కమిటీ సభ్యుల సంతకాలతో. యుద్ధంలో పోయినవారే చాలా, శిక్షణలో, జబ్బుతో, రైలు ప్రమాదంలో పోయినవారు కూడానా అన్నది అక్కడే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆవిష్కరణ మర్నాడు గడప తొక్కేది ఆ కుటుంబాలే. చెక్కడం పూర్తయ్యాక కూడా రాతి మీద కొన్ని వరసలు ఖాళీగా వదలాలి, లేదా పేర్లను విడివిడి కంచు పలకల మీద వేయించాలి. బెడ్‌ఫోర్డ్ గోడకు మొదటి లెక్క తేలిన తర్వాత కూడా కొత్త రుజువులు దొరికి సవరణలు జరిగాయి. అక్కడ పేర్లు పలకల మీద ఉండబట్టి కొత్త పలక బిగించడంతో పని అయిపోయింది.